ఇంగ్లీషు ప్రొఫెసర్ పని: కొన్ని అపోహలు, వాస్తవాలు

అపోహ: ఇంగ్లీషు ప్రొఫెసర్ అంటే గ్రామర్, స్పోకెన్ ఇంగ్లీషు నేర్పే మనిషి.

"మా వాడికి సెలవుల్లో కాస్త ఇంగ్లీషు మాట్లాడటం నేర్పండి" అని చుట్టాలు అడుగుతుంటారు. వాళ్ల అవసరం నిజమైనదే. కానీ భాషాబోధన వేరే విద్య, దానికి వేరే శిక్షణ ఉంది. హైదరాబాదులో 1958లో ఆ పనికోసమే పెట్టిన సంస్థ సీఫెల్‌గా పేరు మార్చుకుని, ఇప్పుడు ఇఫ్లూ (ఇంగ్లీష్ అండ్ ఫారిన్ లాంగ్వేజెస్ యూనివర్సిటీ) అయింది. ఎమ్మే సాహిత్యం క్లాసులో మేం చేసేది చదవడం. ఒక పేజీ ముందు పెట్టుకుంటాం. ఈ కథ ఎవరు చెబుతున్నారు? ఏం దాస్తున్నారు? ఇందులో నోరు లేనివాళ్లు ఎవరు? ఒక్కోసారి గంటంతా ఆ పేజీ దగ్గరే గడిచిపోతుంది. అలాంటి గంటలే నాకిష్టం.

అపోహ: రోజుకు రెండు మూడు క్లాసులు, మిగతాదంతా తీరికే.

యూజీసీ (విశ్వవిద్యాలయాల నిధుల సంఘం) 2018 నిబంధనల్లో అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు వారానికి 16 గంటలు, ప్రొఫెసర్‌కు 14 గంటలు బోధన అని ఉంది. అది క్లాసులో నిలబడే సమయం మాత్రమే. పీహెచ్‌డీ విద్యార్థి రాసిన అధ్యాయాన్ని వాక్యం వాక్యం దిద్దడం, పేపర్లు దిద్దడం, చెప్పబోయే నవల మళ్లీ చదవడం దీనికి బయట.

అపోహ: ఇది ఇంగ్లండు సరుకు, మనకెందుకు?

పాలకుల అవసరం కోసం వచ్చిన చదువే, కాదనను. 1835లో బ్రిటిష్ అధికారి మెకాలే ఇంగ్లీషు చదువుతో మనలోంచి ఎలాంటి మనుషుల్ని తయారు చేయాలనుకున్నాడో అందరికీ తెలుసు. అయితే ఇంగ్లీషు సాహిత్యానికి ఆక్స్‌ఫర్డ్‌లో ప్రత్యేక డిగ్రీ చదువు మొదలైంది 1894లో. కలకత్తా హిందూ కాలేజీలో యువ అధ్యాపకుడు డెరోజియో 1820ల చివర్లోనే కుర్రాళ్లతో దాన్ని చదివించి, వాదనలు పెట్టించాడు. మన వైపు కందుకూరి వీరేశలింగం గోల్డ్‌స్మిత్ ఇంగ్లీషు నవల 'ది వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డ్' చదివి, ఆ ప్రేరణతో ధవళేశ్వరం మనుషుల కథ రాశారు. ఆ కథే 'రాజశేఖర చరిత్రము', 1878లో ధారావాహికగా మొదలైంది. 1887 నాటికి ఇంగ్లీషులోకి వెళ్లి లండన్‌లో అచ్చయింది. పుస్తకాలు ఇలా అటూ ఇటూ ప్రయాణం చేసే తీరే నా పరిశోధనకు మూలం. వీరేశలింగం గోల్డ్‌స్మిత్‌లో ఏది ఉంచుకున్నారో, ఏది వదిలేశారో పక్కపక్కన పెట్టి చూస్తే, ఆనాటి గోదావరి జిల్లా గురించి చరిత్ర పుస్తకాల్లో దొరకని సంగతులు తెలుస్తాయి.

అపోహ: తెలుగు మీడియం పిల్లలకు ఇంగ్లీషు సాహిత్యం అందదు.

నన్ను అన్నిటికన్నా బాధపెట్టేది ఇదే. ఈ మాట నమ్మి బీఏలోనే ఇటువైపు రాకుండా ఆగిపోయినవాళ్లు ఎందరో. షేక్‌స్పియర్ నాటకాల్లోని పద్యపాదం చెప్పేటప్పుడు, ఉత్పలమాలకు గణవిభజన చేయడం వచ్చిన పిల్లలే ముందుగా పట్టుకుంటారు. మనకు గురువు లఘువులు పలికే కాలాన్ని బట్టి, ఇంగ్లీషులో అక్షరం మీద పడే ఊనికను బట్టి. ఆ తేడా ఒక్కటి చెప్పి, "లఘువు తర్వాత గురువు, అంటే వ గణం, అలాంటివి ఐదు" అంటే చాలు, డెస్కు మీద చేత్తో తాళం వేస్తూ పాదం చదివేస్తారు. హరికథో వీధినాటకమో చూసిన పిల్లకు, పాత్ర ప్రేక్షకుల వైపు తిరిగి మనసులో మాట ఎందుకు చెబుతుందో విడమర్చనక్కర్లేదు.

వాళ్లకు నిజంగా కష్టమయ్యేది పరీక్షలో ఇంగ్లీషు వ్యాసం రాయడం. చాలామంది గైడు బట్టీ పట్టేది అక్కడే. అందుకని క్లాసులో ముందు తెలుగులోనే వాదించుకోనిస్తాను. తర్వాత అదే వాదనను వాళ్ల సొంత ఇంగ్లీషులో ఒక పేరా రాయమంటాను. మొదటి సెమిస్టర్‌లో ఆ పేరాలకు మార్కులు వేయను, తప్పుల కింద ఎర్రగీతలు గీయను. వాదన నిలిచిందా లేదా అన్నదే మార్జిన్‌లో రాస్తాను. గ్రామర్ సంగతి రెండో సెమిస్టర్‌లో చూస్తాం, అప్పటికి చెప్పడానికి వాళ్ల దగ్గర సొంత మాట ఒకటి ఉంటుంది.