పావు ఎకరం కోసం: బల్లారట్ బంగారు పట్నంలో సర్కారు నేల పట్టా భూమి అయిన వైనం

ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో బల్లారట్, బెండిగో అని రెండు పాత బంగారు పట్నాలున్నాయి. అక్కడ ఇల్లు కొనేవాళ్ళు పట్టా చదువుతుంటే చాలాసార్లు ఒక షరతు కనిపిస్తుంది: ఈ నేల మీద హక్కు 50 అడుగుల లోతు వరకే. ఇప్పటి కాగితాల్లో దాన్నే 15.24 మీటర్లని రాస్తారు. పక్కింటి పట్టాలో ఆ షరతే ఉండకపోవచ్చు. ఇంకాస్త ముందుకెళితే, ఇళ్ళ మధ్య ఇప్పటికీ ప్రభుత్వ భూమిగా మిగిలిపోయిన చిన్న చిన్న ముక్కలు కనబడతాయి. ఒకే వీధిలో ఇన్ని రకాల హక్కులు ఎందుకున్నాయో తెలియాలంటే 1850ల నాటి గొడవ దగ్గరికి వెళ్ళాలి. పట్నం ముందు వెలిసింది, నేల అమ్మకం తర్వాత మొదలైంది. చిక్కంతా అక్కడే పుట్టింది.

అసలు ఆ నేల ఎవరిది? బల్లారట్ ప్రాంతం వాదవురుంగ్ ప్రజలది. ఊరి పేరు కూడా వాళ్ళ మాటలోంచి వచ్చిందే, సేదదీరే చోటు అని అర్థం చెబుతారు. 1835లో జాన్ బాట్‌మన్ అనే వ్యక్తి మెల్బోర్న్ ప్రాంతంలో మూలవాసులతో భూమి ఒప్పందం రాయించుకున్నాడు. గవర్నర్ రిచర్డ్ బర్క్ అది చెల్లదని ప్రకటించాడు. భూమి మొత్తం బ్రిటిష్ రాజుదే, రాజు ఇస్తేనే ఎవరికైనా హక్కు అన్నది ఆ ప్రకటన సారం. మూలవాసులకు ఒక్క పెన్నీ ముట్టకుండానే వాళ్ళ నేల ‘క్రౌన్ భూమి’ అయింది. ఆ తర్వాత నడిచిన అమ్మకాలన్నీ ఈ అన్యాయం మీద కట్టినవే. 1838 నాటికి యూయిల్ కుటుంబం గొర్రెల మందలతో బల్లారట్ చెరువు పక్కకు చేరింది. ఇలా సర్కారు నేలను మేతకు ఆక్రమించుకున్న పెద్ద పెంపకందారులను అక్కడ స్క్వాటర్లు అనేవారు. మన దగ్గర ఆ మాటకు గుడిసె వేసుకున్న పేదవాడని అర్థం వస్తుంది. అక్కడ వేల ఎకరాల మీద మంద తోలే ఆసామి అని అర్థం.

నేల కొనడానికి అప్పట్లో ఒకటే దారి, వేలం. 1842లో లండన్ పార్లమెంటు చేసిన చట్టం ప్రకారం ముందు సర్వే జరగాలి, తర్వాత గెజెట్‌లో ప్రకటన రావాలి, ఆపైన బహిరంగ వేలం. సర్కారువారి పాట ఎకరానికి కనీసం ఒక పౌను. పాట దక్కినవాడు అక్కడికక్కడే పదో వంతు ధరావత్తు కట్టాలి, మిగతా సొమ్ము నెలలో చెల్లించాలి. ఆలస్యమైతే ధరావత్తు పోతుంది, నేలా పోతుంది. పల్లెపట్టు భూమి అయితే 640 ఎకరాల దాకా, అంటే చదరపు మైలు దాకా ఒకే లాటుగా పెట్టేవారు. చేతిలో నగదు ఉండి, వేలం జరిగే ఊరికి వెళ్ళగలిగి, ఫలానా నేల ఎలాంటిదో ముందే ఎరిగినవాడికి అనువైన పద్ధతి ఇది. ఆ మూడూ ఉన్నది స్క్వాటర్లకు, పట్నం వ్యాపారులకు.

దానికి తోడు 1847లో వచ్చిన రాజాజ్ఞ స్క్వాటర్లకు దీర్ఘకాలపు కౌలు హక్కు ఇచ్చింది. తన మేత భూమిలో మంచి ముక్కను, నీళ్ళున్న చోటును, పోటీ లేకుండా ముందుగా కొనుక్కునే వీలూ కల్పించింది. విక్టోరియాలో అది ఇంటి చుట్టూ 640 ఎకరాలకు స్థిరపడింది. అంటే బంగారం బయటపడే నాటికే నేల తలుపు సగం మూసుకుపోయి ఉంది.

1851 ఆగస్టులో బల్లారట్‌లో బంగారం దొరికింది. ఆ ఏడు విక్టోరియా జనాభా దాదాపు 77 వేలు. పదేళ్ళకు అది 5 లక్షల 40 వేలకు చేరింది. 1851 సెప్టెంబరు 1 నుంచి తవ్వేవాళ్ళంతా నెలకు 30 షిల్లింగుల లైసెన్సు కట్టాలన్నారు. బంగారం దొరికినా దొరక్కపోయినా కట్టాల్సిందే. మొదట్లో ఒక్కొక్కరికి దక్కిన తవ్వకం చోటు 8 అడుగుల పొడవు, 8 అడుగుల వెడల్పు. మన లెక్కలో అది సెంటులో ఏడో వంతు.

ఈ లెక్క ఒక్కసారి వేసి చూడాలి. పౌనుకు 20 షిల్లింగులు కాబట్టి, నెలకు 30 షిల్లింగులంటే ఏడాదికి 18 పౌన్లు. సర్కారువారి పాట ఎకరానికి పౌను. ఒక తవ్వకందారు ఏడాదిలో లైసెన్సు కింద కట్టిన సొమ్ము 18 ఎకరాల కనీస ధరతో సమానం. అంత కట్టినా, గోతి పక్కన డేరా వేసుకున్న జాగా కూడా అతనిది కాదు. గనుల మీద సర్కారు అధికారి అయిన కమిషనర్ పొమ్మంటే పోవాలి. పెళ్ళాం బిడ్డలతో వచ్చినవాళ్ళు ఇటుక పొయ్యి కట్టుకోవడానికి కూడా వెనకాడారంటే కారణం ఇదే. కట్టింది వెంట తీసుకుపోలేనిదైతే, అది పోయినట్టే.

ఈలోగా సర్కారు ఊరిని గీయించింది. విలియం అర్కహార్ట్ అనే సర్వేయరు బల్లారట్ పట్నానికి ప్లాను వేశాడు. తవ్వకాలు జరుగుతున్న పల్లంలో వేయలేదు, పడమట ఎత్తున్న నల్లరాతి మెట్ట మీద వేశాడు. కొలత గంటర్ గొలుసుతో. ఒక గొలుసు 66 అడుగులు, 100 లింకులు. 10 చదరపు గొలుసులు ఒక ఎకరం. మన ఆంధ్ర, తెలంగాణల్లో ఎకరాలు, సెంట్ల లెక్కా ఈ గొలుసు నుంచి వచ్చిందే. వెయ్యి చదరపు లింకులైతే ఒక సెంటు. ఆ గొలుసుతో మూడు గొలుసుల వెడల్పున, అంటే 198 అడుగులతో స్టర్ట్ స్ట్రీట్‌ను నిటారుగా గీశాడు. ఇప్పటికీ అది ఊరి ప్రధాన వీధి.

కింద పల్లంలో మెయిన్ రోడ్డు అలా లేదు. గోతులను, మట్టికుప్పలను, వాగును తప్పించుకుంటూ జనం నడిచిన దారే రోడ్డయింది. అందుకే వంకరటింకరగా పోతుంది. పైన గెజెట్, వేలం, పట్టా. కింద డేరాలు, అంగళ్ళు, ఏ కాగితమూ లేని నివాసం. 1855లో పడమటి ఊరికి ఒక మున్సిపాలిటీ, 1857లో తూర్పు ఊరికి మరొకటి వచ్చాయి. రెండూ కలిసింది 1921లోనే. బల్లారట్ పటం పరిచి ఈ రెండు వైపుల వీధులనూ పక్కపక్కన చూస్తే, చట్టం ముందు వెళ్ళిన చోటు ఏదో, మనుషులు ముందు వెళ్ళిన చోటు ఏదో వేలు పెట్టి చూపించొచ్చు.

పల్లం నేలను వెంటనే అమ్మకపోవడానికి సర్కారుకూ కారణం ఉంది. బంగారం ఉన్న నేల ఒకసారి ప్రైవేటు చేతికి పోతే తవ్వకం ఆగిపోతుంది, వచ్చే రాబడి పోతుంది. సర్వేయర్ల కొరత ఇంకో కారణం. సర్వే కాని నేలను వేలానికి పెట్టడానికి చట్టం ఒప్పుకోదు. ఈ రెండూ నిజమైన ఇబ్బందులే. అయితే చుట్టుపక్కల బంగారం లేని మేత భూములను కూడా చిన్న ముక్కలుగా తెరవకపోవడానికి అవి సరిపోవు. అక్కడ అడ్డం పడింది స్క్వాటర్ల పలుకుబడే.

ఇది కేవలం లైసెన్సు గొడవ అని చాలామంది అనుకుంటారు. బెండిగో తవ్వకందారుల అర్జీ చదివితే అలా అనిపించదు. 1853 ఆగస్టు 1న గవర్నర్ లా ట్రోబ్‌కు అందించిన ఆ అర్జీ మీద వేల సంతకాలున్నాయి. లైసెన్సు నెలకు 10 షిల్లింగులకు తగ్గించాలన్నది మొదటి కోరిక. నాలుగోది నేల గురించి: సేద్యం చేసుకోదలచినవాళ్ళు తమ సంపాదనను చిన్న చిన్న భూమి ముక్కల మీద పెట్టుకునే వీలు కల్పించమన్నారు. దానమేమీ అడగలేదు, డబ్బిచ్చి కొంటామన్నారు. కొనగలిగిన పరిమాణంలో అమ్మమని మాత్రమే అడిగారు.

ఆ తర్వాతి ఘట్టం ఆస్ట్రేలియా చరిత్రలో బాగా తెలిసిందే. 1854లో లైసెన్సు తనిఖీలు ఉధృతమయ్యాయి. డిసెంబరు 3 తెల్లవారుజామున, బల్లారట్‌లో ఎదురుతిరిగిన తవ్వకందారులు కట్టుకున్న యురేకా దడి మీద సైన్యం విరుచుకుపడింది. రెండు డజన్లకు పైగా మనుషులు చనిపోయారు. ఎక్కువమంది తవ్వకందారులే. 1855లో విచారణ సంఘం సిఫారసు మేరకు నెలవారీ లైసెన్సు పోయి, ఏడాదికి ఒక పౌనుతో ‘మైనర్స్ రైట్’ అనే కాగితం వచ్చింది. రాబడి కోసం ఎగుమతయ్యే బంగారం మీద ఔన్సుకు రెండున్నర షిల్లింగుల సుంకం వేశారు. దొరికినవాడే కట్టే పన్ను అది, న్యాయమైన మార్పు. ఆ ఏడు నవంబరులో యురేకా నాయకుడు పీటర్ లాలర్ అదే బల్లారట్ నుంచి శాసనమండలికి వెళ్ళాడు.

మైనర్స్ రైట్ అరచేతిలో పట్టే కాగితం. దానితో మూడు పనులు జరిగేవి: తవ్వుకోవచ్చు, ఓటు వేయవచ్చు, సర్కారు నేల మీద ఇల్లు కట్టుకోవచ్చు. ఈ మూడో హక్కే పట్నాన్ని నిలబెట్టింది. సాధారణంగా పావు ఎకరం, అంటే 25 సెంట్ల నివాస స్థలం. నాలుగు మూలలా గుంజలు పాతి, రిజిస్ట్రారు దగ్గర నమోదు చేయించుకుని ఇల్లు వేసుకునేవారు. ఏటా ఒక పౌను కట్టి కాగితం కొత్తది తీసుకోవాలి. జనం ఎక్కువగా దెబ్బతిన్నది ఇక్కడే. గడువు దాటిందంటే ఇంకొకడు తన కాగితంతో వచ్చి ఆ జాగా నాదనొచ్చు. దీన్ని ‘జంపింగ్’ అనేవారు. పట్టా కాదు కాబట్టి తాకట్టుకు పనికిరాదు, అందుకే బ్యాంకు అప్పు దొరికేది కాదు. బెండిగో గల్లీల్లో ఈనాటికీ కనిపించే రెండు గదుల చెక్క ఇళ్ళ వెనుక ఈ లెక్కే ఉంది. ఎప్పుడు ఊడదీసుకుపోవాలో తెలియని నేల మీద ఎవరూ రాతి గోడలు లేపరు.

ఆ చోటు వేలానికి వస్తే ఏం చేసేవారంటే, కట్టుకున్న ఇంటికి, వేసుకున్న కంచెకు విడిగా విలువ కట్టేవారు. వేలం ప్రకటనలో సర్కారువారి పాట పక్కనే ఆ అంకె ఉండేది. బయటివాడు పాడుకుంటే నేల ధర సర్కారుకు, ఇంటి విలువ ఉంటున్నవాడికి. ఇది కొంత రక్షణే. విలువ తక్కువ కడితే మాత్రం ఇల్లు పోయి, చేతికొచ్చిన సొమ్ముతో ఇంకో ఇల్లు లేవదు. అందుకే ఉంటున్నవాడికే పోటీ లేకుండా నేరుగా అమ్మాలన్న డిమాండ్ ఏళ్ళ తరబడి నడిచింది. 1881 నాటి నివాస స్థలాల చట్టం ఆ పోరాటపు ఫలితమే.

ఊరి బయట సాగు భూమి సంగతి ఇంకా కష్టంగా నడిచింది. 1860 ఆగస్టు చివర భూమి కోసం జనం మెల్బోర్న్ పార్లమెంటు భవనాన్నే చుట్టుముట్టారు. ఆ ఏడే నికల్సన్ చట్టం, 1862లో చార్లెస్ గవన్ డఫీ చట్టం వచ్చాయి. డఫీ కోటి ఎకరాలు కేటాయించి, 40 నుంచి 640 ఎకరాల వరకు ఎకరం పౌనుకే ఎంచుకోమన్నాడు. ఎంచుకున్నవాడు సాగు చేయాలి, లేదా కంచె వేయాలి, లేదా ఇల్లు కట్టాలి. అయితే ఆ షరతు మొదట ఎంచుకున్నవాడిని కట్టిపడేసింది కానీ, అతని దగ్గర రాయించుకున్నవాడికి వర్తించేలా రాయలేదు. స్క్వాటర్లు గొర్రెల కాపరులనూ, కూలి మనుషులనూ పంపి వాళ్ళ పేరున ఎంపిక చేయించి, మర్నాడే తమ పేరుకు మార్పించుకున్నారు. మన బినామీనే అక్కడ ‘డమ్మీ’ అన్నారు. చట్టంలో ఒక్క మాట తప్పిపోతే లక్షల ఎకరాలు ఎలా చేజారతాయో ఇంతకన్నా స్పష్టమైన ఉదాహరణ దొరకదు.

ఆ చిల్లును పూడ్చింది జేమ్స్ మాక్‌ఫర్సన్ గ్రాంట్. యురేకా ముద్దాయిల తరఫున ఫీజు తీసుకోకుండా పనిచేసిన న్యాయవాది ఆయన. భూముల మంత్రిగా 1865లో తెచ్చిన చట్టంలో ముందు అమ్మకం లేదు, కౌలే. ఎకరానికి ఏడాదికి రెండు షిల్లింగులు. అక్కడే నివాసముండాలి, ఎకరానికి పౌను విలువైన అభివృద్ధి చూపించాలి. ఆ తర్వాతే కొనుగోలు. ఆ చట్టంలోని 42వ సెక్షన్ బంగారు పట్నాలకు అసలైన మేలు చేసింది. గనుల దగ్గరి నేలలో 20 ఎకరాల వరకు లైసెన్సు మీద ఇచ్చారు. సగం రోజు గనిలో పనిచేసి, సగం రోజు బంగాళాదుంపలు వేసుకునే కుటుంబానికి 20 ఎకరాలు సరైన కొలత. 1869 చట్టంలో 49వ సెక్షన్, 1884 చట్టంలో 65వ సెక్షన్ ఇదే దారిలో నడిచాయి. బంగారం పడే నేల అయితే తవ్వకందారు వచ్చి తవ్వుకునే హక్కు మాత్రం సర్కారు అట్టే ఉంచుకుంది.

లోతు షరతుకు కారణం వేరే. బల్లారట్ బంగారు పొరలు పల్లంలో మొదలై, నల్లరాతి కిందుగా పడమటి మెట్ట కిందికి పోయాయి. అప్పటికే అమ్మేసిన నేల అది. పైన పట్టాదారు, కింద బంగారం. 1877లో వలసలకు ఆఖరి అప్పీలు కోర్టు అయిన లండన్ ప్రీవీ కౌన్సిల్ విక్టోరియా కేసులోనే తేల్చింది: పట్టాలో బంగారం మాట ఎత్తకపోయినా బంగారం రాజ్యానిదే. 1884లో ప్రైవేటు భూమిలో తవ్వకానికి చట్టం వచ్చింది. 1890ల నుంచి ఇచ్చిన పట్టాల్లో ఖనిజాలను సర్కారు తన పేర ఉంచుకుని, చాలాచోట్ల 50 అడుగుల గీత గీసింది. పాత పట్టాలకు ఆ గీత లేదు.

తెలుగువాళ్ళకు దగ్గరి పోలిక కోలారు. మైసూరు సంస్థానం 1875లో లవెల్ అనే మాజీ సైనికుడికి తవ్వకం హక్కు ఇచ్చింది, 1880లో జాన్ టేలర్ కంపెనీ రంగంలోకి దిగింది. చిత్తూరు, ఉత్తర ఆర్కాటు వైపు నుంచి వెళ్ళిన కుటుంబాలు కంపెనీ ‘లైన్ల’లో, అంటే వరుస ఇళ్ళలో బతికాయి. అక్కడ కూలివాడి చేతికి మైనర్స్ రైట్ లాంటి కాగితం రాలేదు. ఓటూ లేదు, పావు ఎకరమూ లేదు. ఇల్లు పనితో ముడిపడింది. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డప్పుడు తరతరాలుగా ఉంటున్న ఇళ్ళ మీద హక్కు ఎవరిదన్న ప్రశ్న ఒక్కసారిగా మీద పడింది అందుకే.

బల్లారట్, బెండిగోల్లో మిగిలిన క్రౌన్ ముక్కలను ఇప్పుడు అమ్మాలంటే చూడాల్సినవి వేరు. పాత గోతులు పైపైన పూడ్చి వదిలేసినవి కావచ్చు, వాన పడితే కుంగుతాయి. రాయి దంచి బంగారం తీసిన మట్టిలో ఆర్సెనిక్ ఉంటుంది కాబట్టి పెరట్లో కూరగాయలు వేసే ముందు మట్టి పరీక్ష చేయించాలి. బెండిగో ప్రాంతంలో ఇంకొకటుంది. 2013 మార్చి 28న ఆ ప్రాంతపు మూలవాసులైన జాజా వురుంగ్ ప్రజలతో రాష్ట్ర ప్రభుత్వం ఒప్పందం చేసుకుంది. 1835లో వాళ్ళను అడగకుండా తీసుకున్న నేలలో మిగిలిన ముక్కను అమ్మబోయే ముందు, ఇప్పుడు వాళ్ళతో మాట్లాడాలి.