ఒకే తీగ, రెండు డ్రైవర్లు: హెచ్‌డీఎంఐ శబ్దం తగాదాకు 2013 నాటి మూలం

తెర మీద బొమ్మ వస్తుంది, మాట మాత్రం రాదు. నెల్లూరు, కావలి, ఒంగోలు పరిసరాల్లో లినక్స్ వేసిన కంప్యూటర్లను బడులకూ చిన్న కార్యాలయాలకూ అమర్చిపెట్టే వాళ్లకు ఈ ఫిర్యాదు కొత్త కాదు. చిన్న కంప్యూటర్ బోర్డులకు డ్రైవర్లు (హార్డ్‌వేర్‌ను నడిపే ప్రోగ్రాములు) రాయడం నేర్చుకుంటున్న ఇక్కడి ఇంజనీరింగ్ విద్యార్థుల మధ్య ఇప్పుడు అదే మళ్లీ వాదనకు వచ్చింది. ప్రాసెసర్‌కూ, టీవీకి బొమ్మనూ శబ్దాన్నీ ఒకే కేబుల్‌లో పంపే హెచ్‌డీఎంఐ సాకెట్‌కూ మధ్య ఉండే బ్రిడ్జి చిప్‌కు డ్రైవర్ రాసేటప్పుడు, శబ్దానికి సంబంధించిన భాగాన్ని లినక్స్ గుండెకాయ అయిన కర్నెల్‌లో తెరలను నడిపే డీఆర్‌ఎం పొర ఇచ్చే ఉమ్మడి ఏర్పాటు ద్వారా తెర డ్రైవర్‌లోనే పెట్టాలని ఒక వర్గం అంటోంది. శబ్దం కర్నెల్‌లోని ధ్వని విభాగమైన ఆల్సా వ్యవహారమనీ, అది ధ్వని వైపు విడిగానే ఉండాలనీ రెండో వర్గం పట్టుబడుతోంది.

రెండు వర్గాలూ కర్నెల్ చరిత్రనే సాక్ష్యంగా చూపుతున్నాయి. పాత తెర కనెక్షన్ అయిన డీవీఐలో శబ్దానికి చోటు లేకపోవడం, హెచ్‌డీఎంఐ ఆ లోటు తీర్చడం, లినక్స్ 2.6 నాటికి ఆల్సా కర్నెల్‌లో స్థిరపడడం అందరికీ తెలిసినవే కనుక వాటి జోలికి పోవడం లేదు. నా దృష్టిలో అసలు మలుపు 2013లో ఇంటెల్ హాస్వెల్ ప్రాసెసర్లతో వచ్చింది.

అప్పటిదాకా తెర డ్రైవర్‌కూ ధ్వని డ్రైవర్‌కూ నేరుగా సంబంధం లేకున్నా పని గడిచింది. టీవీ తగిలించగానే తెర డ్రైవర్ ఆ టీవీ తన సామర్థ్యాల గురించి ఇచ్చే ఈడీఐడీ సమాచారాన్ని చదివేది. ఎన్ని ఛానళ్లు పలుకుతాయి, ఏ శాంప్లింగ్ రేట్లు (సెకనుకు ఎన్ని ధ్వని శాంపిళ్లు) చెల్లుతాయి అన్న వివరాలను ఈఎల్‌డీ అనే చిన్న పట్టీగా కూర్చి హార్డ్‌వేర్‌లోని బఫర్‌లో రాసేది. పట్టీ మారిందని హార్డ్‌వేర్ ధ్వని డ్రైవర్‌కు కబురు చేస్తే, అది వెళ్లి చదువుకునేది. ఇలా మధ్యవర్తిత్వమంతా హార్డ్‌వేర్‌దే కావడంతో, రెండు వైపుల నిర్వాహకులూ ఎవరి హద్దులో వాళ్లు ఉండగలిగారు.

బ్యాటరీ ఆదా కోసం చేసిన ఒక మార్పు హాస్వెల్‌లో ఈ ఏర్పాటును దెబ్బతీసింది. హెచ్‌డీఎంఐ శబ్దానికి మామూలు స్పీకర్ల కంట్రోలర్‌తో సంబంధం లేని ప్రత్యేక కంట్రోలర్ వచ్చింది. దానికి కరెంటు అందేది మాత్రం డిస్‌ప్లే విభాగపు పవర్ వెల్ (విడిగా ఆపగలిగే విద్యుత్ భాగం) నుంచి. ల్యాప్‌టాప్ సొంత తెర ఒక్కటే వెలుగుతున్నప్పుడు తెర డ్రైవర్ ఆ పవర్ వెల్‌ను నిశ్చింతగా ఆపేసేది. ధ్వని డ్రైవర్ ఆ సమయంలో తన కంట్రోలర్ రిజిస్టర్లను (దాన్ని నియంత్రించే గడులను) ముట్టుకుంటే జవాబు ఉండేది కాదు. సోమశిలలో గేట్లు ఎత్తితేనే సంగం బ్యారేజీ కింది కాలువలకు నీరు చేరినట్టు, తెర డ్రైవర్ కరెంటు వదిలితే తప్ప ధ్వని డ్రైవర్‌కు కదలిక లేని స్థితి ఏర్పడింది.

అప్పటి తక్షణ పరిష్కారం ముతకది. పవర్ వెల్‌ను అడగడానికీ వదలడానికీ ఇంటెల్ తెర డ్రైవర్ రెండు ఫంక్షన్లను బయటపెట్టింది; ధ్వని డ్రైవర్ వాటిని పేరుతో వెతికి పిలిచేది. ఏ డ్రైవర్ ముందు లోడ్ కావాలి, ఒకటి తొలగిపోతే రెండోదాని గతి ఏమిటి అన్న ప్రశ్నలు అక్కడే పుట్టాయి. అంతకంటే లోతైన చిక్కు గడియారానిది, అంటే చిప్ పనికి లయ ఇచ్చే సంకేతానిది. హాస్వెల్, దాని తర్వాతి బ్రాడ్‌వెల్ చిప్‌లలో ధ్వని కంట్రోలర్‌కు కావలసిన 24 మెగాహెర్ట్జ్ గడియారం డిస్‌ప్లే ప్రధాన గడియారాన్ని ఒక సంఖ్యతో హెచ్చించి, మరో సంఖ్యతో భాగించగా వస్తుంది. పవర్ వెల్ ఆగితే ఆ సంఖ్యలు చెరిగిపోతాయి. వాటిని తిరిగి రాయకపోతే పాట వేగం తప్పుతుంది. అంటే కరెంటు, గడియారం, టీవీ ఉందా లేదా అన్న కబురు మూడూ తెర డ్రైవర్ చేతిలోనే ఉన్నాయి. శబ్దాన్ని పూర్తిగా విడిగా ఉంచవచ్చన్న మాట ఆ నాటితోనే చెల్లకుండా పోయిందని నేను నమ్ముతున్నాను.

మన దగ్గరి ఫిర్యాదుల్లో కొన్నింటికి కారణం కూడా ఇదే. తెర నల్లబడుతోందని నోమోడ్‌సెట్ అనే బూట్ ఎంపికతో లినక్స్ వేసి ఇచ్చిన హాస్వెల్ కంప్యూటర్‌లో తెర డ్రైవర్ పూర్తిగా లేవదు. దానితోపాటే హెచ్‌డీఎంఐ శబ్దమూ లేవదు. ధ్వని సెట్టింగుల్లో ఎంత వెతికినా జవాబు దొరకదు, ఎందుకంటే లోపం ధ్వని వైపు లేదు.

2015లో ఆ రెండు ఫంక్షన్ల స్థానంలో కాంపొనెంట్ పద్ధతి వచ్చింది. రెండు డ్రైవర్లూ సిద్ధమయ్యాకే జోడీ కట్టడం దాని పని. టీవీ రాకపోకల కబురు, ఈఎల్‌డీ పట్టీ కూడా తర్వాత హార్డ్‌వేర్ దారి వదిలి ఈ దారిన నడిచాయి. 2018లో ఆ ఒప్పందంలోంచి ఇంటెల్ పేరు తీసి, మిగతా తెర డ్రైవర్లకూ పనికొచ్చేలా సాధారణ రూపం ఇచ్చారు.

ఇది ఒక కంపెనీ చిప్‌కే పరిమితమైన కథ అని రెండో వర్గం అంటుంది. హెచ్‌డీఎంఐ పనితీరును చూస్తే అలా అనిపించదు. శబ్దానికి ఆ కేబుల్‌లో విడి తీగ లేదు. బొమ్మ గీతల మధ్య ఖాళీ సమయంలో డేటా ఐలాండ్‌లనే చిన్న ముక్కలుగా ప్రయాణిస్తుంది. టీవీ శబ్దపు గడియారాన్ని బొమ్మ గడియారం నుంచే తిరిగి కట్టుకోవాలి, అందుకు ఎన్, సీటీఎస్ అనే రెండు సంఖ్యలు పంపాలి. 148.5 మెగాహెర్ట్జ్ బొమ్మ గడియారంతో 48 కిలోహెర్ట్జ్ శబ్దం పంపాలంటే ఎన్ 6144, సీటీఎస్ 148500. అదే 44.1 కిలోహెర్ట్జ్‌కైతే 6272, 165000. బొమ్మ గడియారం తెర డ్రైవర్‌కే తెలుసు, శాంప్లింగ్ రేటు ధ్వని డ్రైవర్‌కే తెలుసు. ఏ కంపెనీ చిప్ అయినా ఇద్దరూ కలిస్తేనే ఈ లెక్క కుదురుతుంది.

చిన్న బోర్డుల ప్రపంచంలో జవాబు ధ్వని వైపు నుంచి వచ్చింది. 2016లో కర్నెల్‌లో చేరిన హెచ్‌డీఎంఐ-కోడెక్ అనే ఉమ్మడి ధ్వని డ్రైవర్ ద్వారా తెర డ్రైవర్ కొన్ని కాల్‌బ్యాక్‌లు (అవసరమైనప్పుడు పిలవడానికి ఇచ్చే ఫంక్షన్లు) ఇస్తే చాలు, ధ్వని పరికరం దానంతటదే తయారవుతుంది. రెండో వర్గం బలమంతా ఇదే. ఛానళ్ల అమరిక, స్థితి బిట్లు, కార్డు పేరు వంటివి ఆల్సా వాళ్లకు తెలిసినంతగా తెర వాళ్లకు తెలియవన్నది నిజమే. రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ తెర డ్రైవర్ 2017లో సొంతంగా ధ్వని కార్డు కట్టుకుని, 2021లో హెచ్‌డీఎంఐ-కోడెక్‌కు మారడాన్ని వాళ్లు ఉదాహరణగా చూపుతారు.

అయితే అక్కడా ఒక పని మిగిలింది. ఈఎల్‌డీ చదివేటప్పుడు అది మధ్యలో మారకుండా తాళం వేయడం, టీవీ తీసేసిన కబురు అందించడం, శబ్దాన్ని మూయడం వంటివి ప్రతి తెర డ్రైవరూ తనంతట తానే రాసుకోవలసి వచ్చింది; ఒక డ్రైవర్‌లో దిద్దిన పొరపాటు మరో డ్రైవర్‌లో అలాగే ఉండిపోయేది. 2024 చివర, 2025 మొదట్లో డీఆర్‌ఎంలో కనెక్టర్ (టీవీ తగిలించే సాకెట్) స్థాయిలో వచ్చిన ఉమ్మడి హెచ్‌డీఎంఐ ధ్వని ఏర్పాటు ఆ పనులను ఒకచోటికి చేర్చింది. తెర వాళ్లు ఆల్సాను మింగేస్తున్నారని ఇక్కడి వాదనలో వినిపిస్తున్న మాట ఈ విషయంలో సరికాదు. ఆ ఏర్పాటు కింద ధ్వని పరికరాన్ని సృష్టించేది ఇప్పటికీ హెచ్‌డీఎంఐ-కోడెకే. బోర్డులోని పరికరాలను వివరించే డివైస్ ట్రీలో ధ్వని కార్డును కూర్చే పనీ ధ్వని వైపే ఉంది. తెర వైపుకు చేరినది తెర స్థితిపై ఆధారపడిన భాగం మాత్రమే.

బ్రిడ్జి చిప్‌ల దగ్గర మాత్రం ఒక నిజమైన చిక్కు మిగిలి ఉంది. వాటిలో చాలా వాటికి బొమ్మ ఒక దారిన, శబ్దం ఐ2ఎస్ అనే ధ్వని తీగల మీద వేరే దారిన వస్తాయి. ఆ తీగల అవతలి కొస ఆల్సా పరిధిలో ఉంటుంది కనుక, శాంపిల్ రూపాన్ని ఎవరు నిర్ణయించాలన్న ప్రశ్న న్యాయమైనదే. ఇక్కడి విద్యార్థుల వాదన నిజానికి ఈ ఒక్క అంశం మీద నిలబడితే చర్చ ముందుకు సాగుతుంది. కరెంటు, గడియారం, ఈఎల్‌డీ ఎవరి చేతిలో ఉండాలన్నది హాస్వెల్ ఎప్పుడో తేల్చింది.