లిద్దా జనం వెళ్లిపోయారా, వెళ్లగొట్టారా?

చిట్టీ, బుజ్జీ,

మీరు ఫోన్ చేసినప్పటి నుంచి ఆ ప్రశ్నే బుర్రలో తిరుగుతోంది. 1948లో లిద్దా ఊరి జనం ‘వెళ్లిపోయారు’ అని ఒకచోట, ‘వెళ్లగొట్టారు’ అని ఇంకోచోట ఉంది, ప్రాజెక్టులో ఏది రాయాలి తాతయ్యా అన్నారు. ఫోన్లో తేలే సంగతి కాదు, అందుకే ఈ ఉత్తరం.

లిద్దా, రామ్లే టెల్ అవీవ్‌కి దగ్గర్లోని రెండు అరబ్బు ఊళ్లు. 1947 నవంబరులో ఐక్యరాజ్యసమితి పాలస్తీనాని పంచినప్పుడు ఇవి అరబ్బుల వాటాలో పడ్డాయి. కొత్తగా పుట్టిన ఇజ్రాయెల్‌కి మాత్రం పక్కలో బల్లెంలా కనిపించాయి. పైగా పెద్ద విమానాశ్రయం, రైల్వే జంక్షన్ అక్కడే. 1948 జూలైలో, అరబ్బు దేశాలతో యుద్ధంలో మొదటి కాల్పుల విరమణ ముగిసీ ముగియగానే, ఈ ఊళ్లని పట్టుకోవడానికి ఇజ్రాయెల్ సైన్యం ‘ఆపరేషన్ దానీ’ మొదలుపెట్టింది. నడిపించింది యిగాల్ అలోన్. ఆయన కింద 26 ఏళ్ల యిట్జాక్ రాబిన్. అవును, తర్వాత ప్రధానమంత్రి అయిన రాబినే.

జూలై 11న ఇజ్రాయెల్ సైన్యాధికారి మోషే దయాన్ దళం లిద్దాలోకి కాల్చుకుంటూ దూసుకెళ్లింది. ఆ రాత్రికి ఊరు ఇజ్రాయెల్ సైన్యం చేతిలోకి వచ్చింది. మర్నాడు జోర్డాన్ సైన్యం సాయుధ వాహనాలు రెండు మూడు ఊళ్లోకి రావడంతో మళ్లీ కాల్పులు మొదలయ్యాయి. ఊరివాళ్లు కూడా కొందరు కాల్చారు. ఇజ్రాయెల్ సైనికులు వీధుల్లోనూ, ఇళ్ల మీదా, దహ్మష్ మసీదులోనూ కాల్పులు జరిపారు. చనిపోయిన ఊరివాళ్లు సుమారు 250 మంది అని ఇజ్రాయెల్ సైన్యమే రాసుకుంది. పాలస్తీనా వాళ్లు ఇంకా ఎక్కువంటారు. సైనికుల్లో పోయినవాళ్లని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఆ తర్వాత ఆ రెండు ఊళ్ల నుంచి 50,000కి పైగా జనం తూర్పుకి కదిలారు. రామ్లే వాళ్లలో చాలామందిని బస్సులు, లారీలు ఎక్కించారు. లిద్దా వాళ్లు నడిచారు. జూలై ఎండ, మంచినీళ్లు లేవు. దారిలోనే ప్రాణాలు వదిలినవాళ్లున్నారు.

మరి పొమ్మన్నదెవరు? గొడవంతా ఇక్కడే.

1979లో రాబిన్ తన జ్ఞాపకాలు రాశాడు. ఈ జనాన్ని ఏం చేద్దామని అలోన్ అడిగితే ప్రధాని బెన్ గురియన్ చెయ్యి ఊపాడని, వెళ్లగొట్టమని దానర్థమని అందులో చెప్పాడు. పుస్తకాన్ని పరిశీలించిన మంత్రుల సంఘం ఆ భాగాన్ని తీసేయించింది. ఇంగ్లీషులోకి అనువదించినాయన దాన్ని ఒక అమెరికా పత్రికకి అందించాడు. అలా బయటపడింది. అలాంటి ఆజ్ఞేమీ లేదన్నాడు అలోన్. బెన్ గురియన్‌ని అడుగుదామంటే ఆయన 1973లోనే పోయాడు. చెయ్యి ఊపితే కాగితం మీద ఏం మిగులుతుంది చెప్పండి!

కానీ కాగితం ఒకటి మిగిలింది. లిద్దా జనాన్ని వయసు చూడకుండా త్వరగా పంపించెయ్యాలన్న ఆజ్ఞ, కింద రాబిన్ సంతకం. 1980ల్లో పాత దస్త్రాలు తెరిచినప్పుడు బెన్నీ మోరిస్ అనే ఇజ్రాయెల్ చరిత్రకారుడు ఇలాంటివి బయటపెట్టాడు. అందుకే ఈ ఒక్క విషయంలో నాకు సందేహం లేదు: మీరు ‘వెళ్లగొట్టారు’ అనే రాయండి.

అంతమాత్రాన తగువు తీరలేదు. ఏళ్లు గడిచాక చెప్పే జ్ఞాపకాలని మోరిస్ పెద్దగా నమ్మడు, కాగితమే కావాలంటాడు. నోటిమాట నీటిమూట అని మనమూ అంటాం కదా. పాలస్తీనా చరిత్రకారుల జవాబు వేరు: ఆ కాగితాలు రాసింది సైన్యం, పిల్లల్ని చంకనేసుకుని నడిచినవాళ్లు రిపోర్టులు రాయలేదు, వాళ్ల దగ్గరున్నది జ్ఞాపకమే. అటు అరబ్బు ప్రభుత్వాల దస్త్రాలు చాలావరకు ఇప్పటికీ మూసే ఉన్నాయి. వాళ్ల సేనలు ఈ రెండు ఊళ్లనీ ఎందుకు కాపాడలేదో అందులో ఉంటుందేమో.

మసీదు దగ్గర జరిగింది యుద్ధమా, ఊచకోతా అని 2013 తర్వాత కూడా చరిత్రకారులు వాదించుకున్నారు. పదాల మీద పేచీ మనకి కొత్తా? అదే 1948లో మన హైదరాబాద్‌లో జరిగినదాన్ని సెప్టెంబరు 17 రాగానే ఒకరు విమోచనం అంటారు, ఇంకొకరు విలీనం అంటారు.

నాకు కోపం తెప్పించింది మాత్రం 2019 నాటి వార్త. ఒకసారి అందరికీ చూపించిన 1948 నాటి కాగితాలని ఇజ్రాయెల్ రక్షణ శాఖ మనుషులు మళ్లీ బీరువాల్లోకి పంపుతున్నారని అక్కడి పత్రికే రాసింది. పరిశోధకులు చదివేసి పుస్తకాల్లో అచ్చేసిన కాగితాలు కూడా వాటిలో ఉన్నాయట!

ప్రాజెక్టులో 250 అని ఊరికే రాయకండి. పక్కన ‘ఇజ్రాయెల్ సైన్యం లెక్క’ అని కూడా రాయండి. మ్యాపులో లిద్దా కనపడకపోతే లోద్ అని వెతకండి, ఇప్పుడు ఆ పేరుతోనే ఉంది. మసీదు సంగతి ఇంకా చాలా ఉంది, దసరా సెలవులకి వస్తారుగా, అప్పుడు మాట్లాడుకుందాం.

మీ తాతయ్య