బాల్కనీ స్లైడింగ్ డోర్: అపోహలు - వాస్తవాలు

హన్మకొండ, కాజీపేట, వరంగల్ దిక్కు యూపీవీసీ (గట్టి ప్లాస్టిక్), అల్యూమినియం డోర్లు బిగించుడే నా పని. ఇప్పుడు ఇల్లు కట్టేటోళ్లందరు హాల్ నుంచి బాల్కనీకి పెద్ద స్లైడింగ్ డోర్ కావాలంటున్నరు, మంచిదే, వెలుతురు మస్తుగ వస్తది. కాని ఏ కంపెనీది, గ్లాస్ ఎంత మందం అని అడుగుతరు గాని డోర్ కింద బండ ఎట్లుంది, వాన నీళ్లు ఎటు పోతయి అని ఒక్కరు అడుగరు. నాకు వచ్చే కంప్లైంట్లల్ల ఎక్కువ అక్కడివే.

అపోహ: ట్రాక్‌ల నీళ్లు కనపడ్డయంటే డోర్ లీకైనట్టే, సిలికాన్ దట్టంగ కొడితే ఆగిపోతది.

వాస్తవం: ట్రాక్‌లకు కొన్ని నీళ్లు దిగుతయి, డోర్ చేసిందే ఆ లెక్కతోని. మామూలు తలుపు లెక్క రబ్బరు గట్టిగ ఒత్తుకోదు, జరగాలె గదా, అందుకే బ్రష్ పట్టీ ఉంటది, గాలివాన కొడితే అందులకెళ్లి నీళ్లు వస్తయి. అవి బయటికి పోనీకి ఫ్రేమ్‌కు బయటి దిక్కు సన్నటి రంధ్రాలుంటయి, వీప్ హోల్స్ అంటం. అవి మూసుకపోతే ట్రాక్ నిండి నీళ్లు హాల్లకే వస్తయి.

2023 జూలై ఆఖర్ల వానలు యాదికున్నయి గదా, హన్మకొండల చాలా కాలనీలు మునిగినయి. అప్పుడు ఒక అక్క ఫోన్ చేసింది, వాళ్లది ఫస్ట్ ఫ్లోర్, వరద వచ్చే జాగ కాదు. "తమ్మీ, నీళ్లు సోఫా కిందికొచ్చినయి, నువ్వు పెట్టిన డోరే ఖరాబు" అన్నది. పోయి చూస్తే ట్రాక్ అంచు దాక నీళ్లు నిలబడ్డయి. బయటికెళ్లి వంగి చూస్తే వీప్ హోల్స్ కనపడలే, టైల్స్ మేస్త్రి సందులు నింపుకుంట వైట్ సిమెంట్‌తోని వాటిని కూడ నున్నగ మూసేసిండు. సన్న స్క్రూడ్రైవర్‌తోని పొడిస్తే పెళ్ల ఊడింది, నీళ్లు బుడబుడ బయటికి దుంకినయి, ఐదు నిమిషాల్ల ట్రాక్ ఖాళీ. తప్పు మేస్త్రిదొక్కటే కాదు, ఆ రంధ్రాలు ఎందుకో ఆయనకు నేను చెప్పాలె, చెప్పలే. అప్పటి నుంచి ఓనర్ ముందట ట్రాక్‌ల ఒక చెంబు నీళ్లు పోసి, అవి బయటికి వచ్చుడు చూపెట్టినంకనే సామాన్లు సర్దుకుంటున్న.

ఇంకోటి, ఫోన్ల ఫోటో చూపెట్టి ట్రాక్ నేలకు సమానంగ కావాలె, కాలుకు తగలొద్దు అంటరు. ఆ ఫోటోలల్ల ట్రాక్ కింద నీళ్లు పోయే కాలువ వేరే ఉంటది, అది ముందే అనుకోని కట్టాలె. మన ఇండ్లల్ల బాల్కనీ, హాల్ ఒకటే మట్టం చేసి తర్వాత నన్ను పిలుస్తరు. బాల్కనీ రెండు ఇంచులన్న కిందికుండాలె, డోర్ కింద గ్రానైట్ బండ బయటికి వాటం ఉండాలె, బండ అంచు అడుగున నీళ్లు కారిపోనీకి ఒక గాడి కొట్టియ్యాలె. కరీంనగర్ గ్రానైట్ మన పక్కనే దొరుకుతది, ఆ గాడికి అయ్యే ఖర్చు ఎంత గనుక!

అపోహ: ఫ్రేమ్‌కు గోడకు నడుమ సందు ఉంటే పని చక్కగ చేయనట్టే.

వాస్తవం: సందు మేమే కావాలని వదులుతం, చుట్టూ 5 నుంచి 10 ఎంఎం. యూపీవీసీ ఎండకు సాగుతది, 8 అడుగుల ఫ్రేమ్‌కు 30 డిగ్రీల తేడా వస్తే సుమారు 5 ఎంఎం. అల్యూమినియం అందుల మూడో వంతు సాగుతది. మన మే నెల ఎండలకు టైట్‌గ కొట్టిన ఫ్రేమ్ విల్లు లెక్క వంగుతది, తర్వాత లాక్ పడది. సందుల ఫోమ్ నింపి మీద సీలెంట్ కొడతం.

కాని ఆ ఫోమ్ బరువు మోయదు, ఇది మస్తు మందికి తెల్వదు. 4 అడుగుల వెడల్పు, 7 అడుగుల ఎత్తు రెక్కకు 6 ఎంఎం గ్లాస్ పెడితే గ్లాసే 39 కిలోలైతది. అంత బరువు చక్రాల మీద ట్రాక్ నడుమకు వచ్చినప్పుడు కింద సందుల గట్టి ప్యాకింగ్ ముక్కలు లేకపోతే ట్రాక్ వంగుతది, రెక్క బరువెక్కినట్టు అనిపిస్తది, అందరు చక్రాలు ఖరాబైనయి అనుకుంటరు. బిగించేటప్పుడు మీరు పక్కన నిలబడి రెండు చూడుండ్రి: రసమట్టం ట్రాక్ పొడుగంత పెట్టి చూస్తున్నరా, ఎదురెదురు మూలలకు టేపు పట్టి రెండు కొలతలు సమానం వచ్చినయా. స్క్రూలు పూర్తిగ బిగించినంక మళ్ల ఒకసారి కొలవాలె, బిగించేటప్పుడే ఫ్రేమ్ గుంజుకపోతది.

టఫెన్డ్ గ్లాస్, అంటే వేడి చేసి గట్టిపరిచిన గ్లాస్, పగలదు అనుకుంటరు. మామూలు గ్లాస్ కంటే నాలుగైదు రెట్లు గట్టిది, నిజమే, కాని అంచుకు దెబ్బ తగిలితే మొత్తం శనగ గింజలంత ముక్కలైతది. ఒకసారి టఫెన్ చేసినంక కోసుడు, రంధ్రం పెట్టుడు ఉండదు, సైజు తప్పితే కొత్తది చేయించాల్సిందే. అందుకే కింద గ్రానైట్, గోడకు ప్లాస్టర్ అయినంకనే నేను ఆఖరి కొలత తీసుకుంట, ఎంత తొందర పెట్టినా.

ట్రాక్‌ల కొబ్బరినూనె, గ్రీజు పోస్తే మెత్తగ జరుగుతది అనేది కూడ తప్పే, దుమ్ము అంటుకోని ముద్దయితది. పాత టూత్‌బ్రష్‌తోని ఊడ్చి, తడి బట్టతోని తుడిస్తే చాలు.

స్లైడింగ్‌కు భద్రత లేదంటరు. రెక్కను పైకి లేపి తీయకుంట పైన అడ్డం పెట్టే ముక్క ఒకటుంటది, అది వేసిన్రా అని అడుగుండ్రి. మన దిక్కు దొంగల కంటే ముందు కోతుల సంగతి చూడాలె. దోమల జాలి రెక్కను అవి చేత్తో పక్కకు జరిపి వంటింట్లకు పోతయి, నేను నా కండ్లతో చూసిన. గ్లాస్ రెక్కకు లాక్ పెట్టించి జాలి రెక్కను ఉత్తగ వదిలేయకుండ్రి, దానికి కూడ ఒక గొళ్లెం పెట్టించుకోండ్రి, జాలి కూడ ఫైబర్‌ది కాకుంట స్టీల్‌ది తీసుకోండ్రి.