లినక్స్‌కు ఏ కంపెనీ లాప్‌టాప్ కొనాలి? అపోహలు - వాస్తవాలు

హన్మకొండ చౌరస్తాలోనైనా, కరీంనగర్‌లోనైనా విండోస్‌కు బదులు లినక్స్ వేసుకుంటామని అడిగితే షాపువాళ్లు కంపెనీ పేరు చెప్తారు. చూడాల్సింది లోపలి చిప్‌ను.

అపోహ: ఫలానా కంపెనీదైతే కళ్లు మూసుకుని కొనొచ్చు.

లాప్‌టాప్ మీద పేరు ఒకరిది, లోపలి వైఫై కార్డు ఇంకొకరిది. ఒకే మోడల్‌లో ఒకదానికి ఇంటెల్ కార్డు, ఇంకోదానికి రియల్‌టెక్ లేదా మీడియాటెక్ కార్డు రావచ్చు. యూఎస్‌బీకి పెట్టే వైఫై డాంగిల్ టీపీ-లింక్ టీఎల్-డబ్ల్యూఎన్722ఎన్‌నే ఉదాహరణగా తీసుకోండి. వెర్షన్ 1లో ఎథెరోస్ ఏఆర్9271 చిప్ ఉంటుంది. దాన్ని నడిపే డ్రైవర్ లినక్స్ గుండెకాయ అయిన కెర్నల్‌లోనే ఉంది, చిప్ లోపల నడిచే ఫర్మ్‌వేర్ సోర్సు కూడా అందరికీ దొరుకుతుంది. వెర్షన్ 2, 3లలో రియల్‌టెక్ 8188ఈయూఎస్. దాని డ్రైవర్ ఏళ్లపాటు కెర్నల్‌లో ఇంకా సిద్ధం కాని డ్రైవర్లుండే స్టేజింగ్ విభాగంలోనే ఉండిపోయింది. మోడల్ పేరు మాత్రం మారలేదు. సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ మార్కెట్ సీటీసీ దాకా వెళ్లి కొనేవాళ్లు స్టిక్కర్ మీద వెర్షన్ అంకె చూసే డబ్బులివ్వాలి.

లాప్‌టాప్ అయితే 8 జీబీ పెన్‌డ్రైవ్‌లో ఉబుంటు అనే లినక్స్ రకం 24.04 వెర్షన్‌ను వేసుకుని వెళ్లండి. షాపులోనే ఇన్‌స్టాల్ చేయకుండా బూట్ చేసి, టెర్మినల్‌లో ఎల్ఎస్‌పీసీఐ కమాండ్‌ను హైఫన్ ఎన్ఎన్‌కే ఆప్షన్‌తో (lspci -nnk) కొట్టండి. నెట్‌వర్క్ వరుసలో చివరి చదరపు బ్రాకెట్లలో కోలన్‌కు ముందున్న నాలుగు అక్షరాలు తయారీదారును చెప్తాయి: 8086 అంటే ఇంటెల్, 10ఈసీ రియల్‌టెక్, 14సీ3 మీడియాటెక్, 14ఈ4 బ్రాడ్‌కామ్. కింద 'కెర్నల్ డ్రైవర్ ఇన్ యూజ్' అనే వరుస లేకపోతే ఆ కార్డును ఏ డ్రైవరూ పట్టుకోలేదన్నమాట. బ్రాడ్‌కామ్ వస్తే జాగ్రత్త. చాలా కార్డులకు సోర్సు బయటపెట్టని క్లోజ్డ్ డ్రైవర్‌ను విడిగా దించాలి, దించడానికి నెట్ ఉండదు. అప్పుడు ఫోన్‌ను కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేస్తే పని జరుగుతుంది.

అక్కడే మూత మూసి, రెండు నిమిషాలాగి తెరవండి. నిద్ర నుంచి లేవని మెషీన్‌ను ఇంటికి తేవద్దు.

అపోహ: వైఫై రాలేదంటే కంపెనీ సపోర్ట్ ఇవ్వలేదనే.

చాలాసార్లు తప్పు పాత పెన్‌డ్రైవ్‌ది. మీడియాటెక్ ఎంటీ7921 డ్రైవర్ కెర్నల్ 5.12లో వచ్చింది. కాలేజీల్లో చేతులు మారే మొదటి ఉబుంటు 20.04లో ఉన్నది 5.4. ఇక కార్డు ఎట్లా కనిపిస్తుంది? 24.04లో 6.8 ఉంది, అది వేయండి.

అపోహ: గ్రాఫిక్స్ చిప్‌ల కంపెనీ ఎన్విడియా డ్రైవర్ ఇప్పుడు పూర్తిగా ఓపెన్ సోర్స్.

2022 మేలో తెరిచింది డ్రైవర్‌లో కెర్నల్‌కు అతుక్కునే భాగాలైన కెర్నల్ మాడ్యూళ్లను మాత్రమే, అదీ ట్యూరింగ్ తరం కార్డుల నుంచి. బొమ్మలు గీసే ఓపెన్‌జీఎల్, లెక్కలు చేసే కుడా (CUDA) లైబ్రరీలు ఇంకా మూసే ఉన్నాయి. ట్యూరింగ్‌కు ముందుదైన జీటీఎక్స్ 10 సిరీస్ సెకండ్‌హ్యాండ్ కార్డు కొన్నవాళ్లు ఓపెన్ మాడ్యూల్ వేస్తే అది లోడ్ కాదు. కెర్నల్ అప్‌డేట్ తర్వాత స్క్రీన్ నల్లబడితే రెండు చూడండి: మాడ్యూల్‌ను మళ్లీ తయారుచేయడానికి కావాల్సిన కొత్త కెర్నల్ హెడర్ ఫైళ్లు ఉన్నాయా, సంతకం ఉన్నవాటినే నడవనిచ్చే సెక్యూర్ బూట్‌లో మాడ్యూల్ సంతకం కీ నమోదైందా. డ్రైవర్ వేసేటప్పుడు పెట్టిన పాస్‌వర్డ్‌ను రీబూట్‌లో వచ్చే నీలి తెరలో ఇవ్వకపోతే ఆ కీ చేరదు.

అపోహ: డాస్ లాప్‌టాప్ అంటే లినక్స్‌కు తగినది.

డాస్ అంటే విండోస్ లైసెన్స్ లేదని, అంతే. ఉబుంటుతో వచ్చిన మెషీన్‌లో కూడా కంపెనీ తన ప్యాకేజీలు కలిపి ఉండొచ్చు. దాన్ని తుడిచి ఇంకోటి వేస్తే వేలిముద్ర రీడరో, కెమెరానో ఆగొచ్చు. తుడిచే ముందు రికవరీ ఇమేజ్ తీసిపెట్టుకోండి.

అపోహ: హెచ్‌పీ ప్రింటరైతే పెట్టగానే నడుస్తుంది.

చాలావరకు నిజమే, హెచ్‌పీ ప్రింటర్లను లినక్స్‌లో నడిపే హెచ్‌పీలిప్ మంచి సాఫ్ట్‌వేర్. కానీ జిరాక్స్ సెంటర్లలో కనిపించే లేజర్‌జెట్ 1020 తన ఫర్మ్‌వేర్‌ను లోపల దాచుకోదు. కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ కంప్యూటరే మళ్లీ పంపాలి. అందుకు కావాల్సిన ప్లగిన్ క్లోజ్డ్. దాని వెర్షన్ హెచ్‌పీలిప్ వెర్షన్‌తో సరిగ్గా కలవాలి. సిస్టమ్ అప్‌డేట్‌లో హెచ్‌పీలిప్ మారితే నిన్నటి దాకా నడిచిన ప్రింటర్ ఆగుతుంది. హెచ్‌పీ-ప్లగిన్ కమాండ్ మళ్లీ నడిపి, ప్రింటర్‌ను ఆపి మళ్లీ ఆన్ చేస్తే సరి.