రిఫ్రెష్ కొడితే సిస్టం ఫాస్టవుతుందా? ఓఎస్‌ల (విండోస్ లాంటి ఆపరేటింగ్ సిస్టంల) మీద అపోహలు – వాస్తవాలు

కంప్యూటర్ సర్వీసు షాపు పెట్టి పదిహేడేళ్లు. వచ్చినవాళ్లలో సగం మంది మౌస్ చేతికందగానే డెస్క్‌టాప్ మీద రైట్ క్లిక్ చేసి రిఫ్రెష్ కొడతారు. ఒక్కసారి కాదు, గుళ్లో గంట కొట్టినట్టు నాలుగైదు సార్లు.

అపోహ: రిఫ్రెష్ కొడితే ర్యామ్ (పని జరిగేటప్పుడు వాడే తాత్కాలిక మెమరీ) ఖాళీ అయి సిస్టం ఫాస్టవుతుంది.

వాస్తవం: డెస్క్‌టాప్ ఫోల్డర్లో ఏమేం ఉన్నాయో మళ్లీ చదివి ఐకాన్లను తిరిగి చూపిస్తుంది, అంతే. ర్యామ్ జోలికే పోదు. ఇప్పుడే కాపీ చేసిన ఫైలు కనబడకపోతే కొట్టండి, పనికొస్తుంది. (నా చెయ్యి కూడా అలవాటుగా అటే పోతుంది, అది వేరే సంగతి.)

అపోహ: విండోస్‌లో ‘కాన్’ (సి, ఓ, ఎన్) పేరుతో ఫోల్డర్ చేయలేమని ఒక భారతీయుడు కనిపెట్టాడు. ఎందుకో బిల్ గేట్స్ కూడా చెప్పలేకపోయాడు.

మేం చదువుకునే రోజుల్లో ఇది ఈమెయిల్లో వచ్చేది. ఇప్పుడు వాట్సాప్‌లో తిరుగుతోంది. మేమూ ల్యాబ్‌లో ప్రయత్నించి, నిజంగానే కాకపోయేసరికి నోళ్లు వెళ్లబెట్టాం.

వాస్తవం: అందులో మిస్టరీ ఏమీ లేదు. కాన్ అంటే కన్సోల్, అంటే కీబోర్డు, తెర కలిపి. 1981లో ఐబీఎం పీసీతో వచ్చిన డాస్ అనే ఓఎస్, అంతకుముందున్న సీపీ/ఎమ్ అనే మరో ఓఎస్ పద్ధతులు చాలా తీసుకుంది. పరికరాలను కూడా ఫైళ్లలాగే పేరుతో పిలవడం వాటిలో ఒకటి. ప్రింటర్ పేరు పీఆర్ఎన్, కన్సోల్ పేరు కాన్. తొలి డాస్‌లో అసలు ఫోల్డర్లే లేవు, 1983లో 2.0 వెర్షన్‌తో వచ్చాయి. అప్పటికే రాసి ఉన్న ప్రోగ్రాములు ఆగిపోకూడదని, ఏ ఫోల్డర్లో ఉన్నా ఆ పేర్లు పరికరాలవే అని వదిలేశారు. అదే విండోస్‌కీ వచ్చింది.

కావాలంటే ఇప్పుడే చూడండి. కమాండ్ ప్రాంప్ట్ (ఆదేశాలు టైప్ చేసే నల్ల తెర) తెరిచి ‘కాపీ కాన్’ అని ఇంగ్లిష్‌లో కొట్టి, స్పేస్ ఇచ్చి ఒక ఫైలు పేరు రాసి ఎంటర్ నొక్కండి. ఇక మీరు టైప్ చేసిందంతా ఆ ఫైల్లోకి పోతుంది. చివర్లో కంట్రోల్ జెడ్, ఎంటర్. డాస్ రోజుల్లో చిన్న చిన్న ఫైళ్లు మేం ఇలాగే రాసేవాళ్లం. ఒక లైను దాటాక తప్పు దిద్దుకునే వీల్లేదు, మళ్లీ మొదటి నుంచి కొట్టుకోవాల్సిందే.

సి డ్రైవ్ సంగతీ ఇంతే. సి అంటే కంప్యూటర్ కాదు. ఎ, బి అక్షరాలు ఫ్లాపీలు (పాతకాలపు పలుచటి డిస్కులు) తీసేసుకున్నాయి. తర్వాత వచ్చిన హార్డ్‌డిస్క్‌కి సి మిగిలింది. ఫ్లాపీలు పోయినా ఆ అక్షరం మారలేదు.

అపోహ: తెర మీది కిటికీలు, మౌస్ విండోస్ కనిపెట్టింది.

వాస్తవం: జిరాక్స్ పరిశోధన కేంద్రంలో ఆల్టో అనే కంప్యూటర్ 1970ల్లోనే అలా పనిచేసింది. యాపిల్ మెకింతోష్ 1984లో, విండోస్ 1.0 1985లో వచ్చాయి. పేరు విండోసే గానీ, ఆ మొదటి వెర్షన్లో ఒక కిటికీ మీద ఇంకో కిటికీ పరవడం కుదిరేది కాదు.

అపోహ: ఆ నల్ల తెర డాసే. ఇప్పటికీ విండోస్ అడుగున డాస్ ఉంటుంది.

వాస్తవం: విండోస్ 95, 98, మిలీనియం వరకు ఇందులో కొంత నిజం ఉంది. కానీ 1993లోనే మైక్రోసాఫ్ట్ ఇంజనీర్ డేవ్ కట్లర్ బృందం ఎన్‌టీ పేరుతో మొదటి నుంచి వేరే ఓఎస్ రాసింది. 2001లో ఎక్స్‌పీతో అది మన ఇళ్లలోకి వచ్చింది. విండోస్ 11 కూడా ఆ వంశమే. కమాండ్ ప్రాంప్ట్ నోట్‌ప్యాడ్ లాంటి మామూలు ప్రోగ్రామే, కాకపోతే డాస్ వేషం వేసుకుంది.

ఇది ఒక రైస్ మిల్లు యజమానికి చెప్పేసరికి నా తలప్రాణం తోకకొచ్చింది. ఆయన లెక్కలన్నీ డాస్‌లో నడిచే ఫాక్స్‌ప్రో అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్‌లో రాయించుకున్న ప్యాకేజీలో ఉన్నాయి. కొత్త సిస్టంలో అది తెరుచుకోలేదు. “నల్ల తెర ఉంది కదా బాబూ, మరి మా ప్రోగ్రాం రాదేం?” అంటాడు. 64 బిట్ విండోస్ డాస్ కాలపు 16 బిట్ ప్రోగ్రాములను నడపదు. చివరికి డాస్‌ను అనుకరించే డాస్‌బాక్స్ అనే ప్రోగ్రాం వేసి తెరిపించాను. ప్రింటు మాత్రం దాంట్లోంచి రాలేదు. బస్తాల చీటీలు తీయడానికి పాత సిస్టం, దాని డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్ ఇప్పటికీ ఓ మూల నడుస్తున్నాయి.

అపోహ: డెస్క్‌టాప్ మీద పెట్టింది సి డ్రైవ్‌లో ఉండదు. ఫార్మాట్ కొట్టినా పోదు.

వాస్తవం: పోతుంది. డెస్క్‌టాప్ కూడా ఒక ఫోల్డరే. విండోస్ 98లో ‘విండోస్’ అనే ఫోల్డర్ లోపల, ఎక్స్‌పీలో డాక్యుమెంట్స్ అండ్ సెట్టింగ్స్‌లో, దాని తర్వాతి విస్టా నుంచి యూజర్స్‌లో ఉంటోంది. మామూలుగా మూడూ సి డ్రైవ్‌లోవే. షాపు పెట్టిన కొత్తలో ఒక టీచరమ్మ “నా ఫైళ్లన్నీ డి లోనే ఉన్నాయి” అంటే నమ్మి సి ఫార్మాట్ కొట్టేశాను. ఆవిడ కూతురి సీమంతం ఫొటోలు డెస్క్‌టాప్ మీద ఉన్నాయి. రికవరీ సాఫ్ట్‌వేర్ పెట్టి రెండు రాత్రులు కూర్చుంటే సగం దొరికాయి, వాటిలోనూ కొన్ని కింది భాగమంతా బూడిద రంగే. అప్పటి నుంచి డి లో ఏముందో అడగను. సిస్టం ఆన్ చేయించి, డెస్క్‌టాప్ మీద ఒక్కో ఐకాన్ చూపించి “ఇది కావాలా అమ్మా?” అని అడుగుతాను.