మన చెరువుకు ఏడాదికోసారి ఆటుపోటు

కాకినాడ దగ్గర కోరింగ మడ అడవుల్లో ఓసారి ఆటు చూశాను. సముద్రం వెనక్కి తగ్గగానే బురద మీదికి పీతలొచ్చాయి, వాటి వెనకే కొంగలు దిగాయి. అక్కడ ఇది దాదాపు రోజుకు రెండుసార్లు జరుగుతుంది. సముద్రం లేని మన వరంగల్ వైపు ఆ పని చెరువు చేస్తుంది, కాకపోతే ఏడాదికి ఒక్కసారి.

ఫిబ్రవరి చివరి ఆదివారం పదిమంది పిల్లలతో నర్సంపేట దారిలో ఒక ఊరి చెరువుకు వెళ్లాం. దారి చూపింది చిన్నప్పటి నుంచీ ఆ చెరువులోనే వల వేసిన తాత. పిల్లలు ఫొటోల కోసం కట్ట ఎక్కబోతే ఆపాడు. "కట్ట మీద ఏమున్నదిరా, గాలి తప్ప. శిఖంల నడువుండ్రి" అన్నాడు.

ఆయన మాటలో చెరువు శాస్త్రమంతా ఉంది. కాకతీయ గణపతిదేవుడి కాలంలో, 13వ శతాబ్దంలో కట్టిన పాకాల చెరువు అయినా, ఊరి కుంట అయినా తీరు ఒకటే. కట్ట దగ్గర లోతు, ఎదురు వైపు మెల్లగా పైకి లేచే నేల. ఆ నేలే శిఖం. వానాకాలం చెరువు నిండి మత్తడి (అలుగు) దుంకేటప్పుడు అది నీళ్ల కింద ఉంటుంది. యాసంగికి తూము లేపాక కొంచెం కొంచెంగా బయటపడుతుంది. 100 అడుగులకు అరడుగు లేచే వాలైతే, ఒక్క అడుగు నీళ్లు దిగితే 200 అడుగుల తడి బురద తేలుతుంది. అందులో పురుగులు, నత్తలు, గుంటల్లో చిక్కిన చేపపిల్లలు!

ఎవరు ఎక్కడ తినాలో కాళ్లే చెబుతాయి. తడి బురద మీద పొట్టికాళ్ల ఉల్లంకి పిట్టలు తోక ఊపుతూ తిరుగుతున్నాయి. పిడికిట్లో పట్టే ఈ పిట్టల్లో కొన్ని సైబీరియా దాకా వెళ్లి గుడ్లు పెట్టి, చలికాలానికి మన దగ్గరికి వస్తాయి. చీలమండ లోతులో తెల్లకొంగలు, మోకాలి లోతులో నారాయణ పక్షి. ఇంకా లోపల, మోడు మీద నీటికాకి రెక్కలు చాపి ఆరబెట్టుకుంటోంది. దాని రెక్కలు తొందరగా తడుస్తాయి. మునగడానికి అదే సాయం, తర్వాత ఎండలో నిలబడక తప్పదు.

మేం ఎక్కువసేపు ఆగింది మాత్రం నత్తగుల్ల కొంగ దగ్గర. దాని ముక్కు మూసినా మధ్యలో సందు కనిపిస్తుంది. ఒక పాప "ముక్కు విరిగిందా తాతా?" అని దిగులుగా అడిగింది. విరగలేదు. పిల్లకొంగలకు ఆ సందు ఉండదు, పెద్దయ్యే కొద్దీ ఏర్పడుతుంది. మేం చూస్తుండగానే అది నీళ్లలోంచి ఓ నత్తను తీసింది. పగలగొడుతుందేమో అనుకున్నాం. గుల్లను నేలకు అదిమిపెట్టి, కింది ముక్కు కొసను గుల్ల నోటికుండే మూత పక్కనుంచి దూర్చి, లోపలి కండను తెంపింది. మెత్తని నత్త బయటికొచ్చింది. గుల్ల మాత్రం చెక్కుచెదరకుండా బురదలో పడి ఉంది. అలాంటి ఖాళీ గుల్లలు పిల్లలు జేబుల నిండా ఏరుకున్నారు.

ఇంకో పక్కకు వెళ్తే ఒక్క పిట్ట కూడా లేదు. అక్కడ మట్టి కోసం జేసీబీతో నిలువుగా తవ్వారు. గట్టు అంచునే నిలువెత్తు నీళ్లు. పూడిక తీయాలి, ఆ మట్టి పొలానికి బలం, కాదనను. కానీ వాలు పోతే బురద పోతుంది, బురద పోతే కాళ్లు ఆనించే చోటు ఉండదు. దేవాదుల ఎత్తిపోతల పథకం నుంచి గోదావరి నీళ్లు వచ్చి చెరువులు నిండుతుంటే రైతుగా నాకూ సంతోషమే. అయినా కనీసం వేసవికైనా నీళ్లు దిగి, శిఖం ఆరాలని నా కోరిక. ఆ ఎండు కాలం కూడా చెరువు బతుకులో భాగమే.

తిరిగొచ్చేటప్పుడు, నెర్రెలిచ్చిన చోట తాత కర్రతో కొద్దిగా తవ్వాడు. జానెడు లోతులో నత్త, మూత బిగించుకుని ఉంది. దీనికి నీళ్లలో పనిచేసే మొప్పలతో పాటు గాలి పీల్చే ఊపిరితిత్తి కూడా ఉంటుంది. నీళ్లు పోగానే మట్టిలోకి దిగి, మూత వేసుకుని, తిండి లేకుండా నెలలు నిద్రపోతుంది.

"సచ్చిపోయిందా?" అన్నాడో పిల్లాడు.

"పండుకున్నది బిడ్డా. వానలు పడ్డంక లేస్తది" అంటూ తాత దాన్ని అదే గుంతలో పెట్టి, మట్టి కప్పి, అరచేత్తో మెల్లగా అదిమాడు. పాప జేబులోని గుల్లల్ని అన్నీ తీసి, మూత ఉన్నవేమైనా ఉన్నాయేమోనని ఒక్కొక్కటే తిప్పి చూసుకుంది.